కాదన్న కాగితం

మహిపాల్‌కు ఒకచోట కూర్చునే ఓపిక ఎప్పుడూ లేదు. అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్ గేటు దగ్గర తొమ్మిదేళ్లు గార్డుగా నిలబడ్డాడు. ఫుట్‌పాత్ మీద కొన్న పాత లా పుస్తకాలు కూడా నిలబడే చదివాడు. జూన్‌లో ఒకరోజు "రేపట్నుంచి రావద్దు" అన్నారు. ఎందుకో చెప్పలేదు.

తిరిగి పనిలో పెట్టుకోమని నాలుగు ఉత్తరాలు ఇచ్చాడు. మేనేజర్ అచ్యుతరావు ప్రతిసారీ "చూద్దాంలే" అని సొరుగులో పడేశాడు.

ఆ ఉత్తరాల నకళ్లు పట్టుకుని పంజగుట్టలో వకీలు చంద్రిక దగ్గరికి పోయాడు. ఆమె చదివి నవ్వింది.

"లా పుస్తకాలు చదివిన అంటివి గదన్నా. గివేంది? తమరి దయ, తమరి పాదాలు, ప్రార్థిస్తున్నాను... నౌకరి అడుగుతున్నవా, గుళ్లె మొక్కుతున్నవా?"

"అర్జీ గట్లనే రాస్తరు గద మేడం. బడిల గట్లనే నేర్పిరి."

"అర్జీ వేరు, డిమాండ్ వేరు. నాకు రావాల్సింది ఇది, ఇయ్యాల్సింది నువ్వు, ఫలానా తారీఖు లోపల ఇయ్యి. గంతే. వాళ్లు కాదంటే గప్పుడు తగాదా ఉన్నట్టు, తగాదా ఉంటెనే కేసు నడుస్తది. నిన్ను ఇప్పటిదాంక ఎవరు కాదనలే. నువ్వు బతిమాలినవ్, వాళ్లు చూద్దామన్నరు."

మహిపాల్‌కు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, తన మీదే. పుస్తకంలో ఆ ముక్క కింద గీత గీసుకున్నది కూడా తనే. యూసుఫ్‌గూడ గదికి పోయి మూడు కాగితాలు చించాడు. వద్దనుకున్నా చెయ్యి "దయచేసి" అనే రాస్తోంది. చివరికి నాలుగు వాక్యాలు నిలిచాయి. కారణం చూపకుండా నన్ను తీసేశారు. అది చెల్లదు. తిరిగి పనిలో పెట్టుకోవాలి. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి.

మర్నాడు అచ్యుతరావు అది చదివి కుర్చీలో కదిలాడు. "ఏంటిది మహిపాల్? ఇంట్లో మనిషిలా చూసుకున్నాం నిన్ను. కూర్చో, టీ తాగు."

"వద్దు సార్. నకలు మీద ముట్టిందని సంతకం పెట్టుండ్రి."

"చూద్దాంలే అన్నానుగా."

"చూసుడు అయింది సార్. పెట్టుకుంటరా, పెట్టుకోరా? ఏదో ఒకటి రాయుండ్రి."

"పెట్టుకోం! పో!" అచ్యుతరావు నకలు లాక్కుని ఆ మాటే రాశాడు. సంతకం గీకి, ముద్ర కొట్టి విసిరేశాడు.

మహిపాల్ వంగి కాగితం తీసుకున్నాడు. లిఫ్టు కోసం ఆగలేక మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చి ఫోన్ చేశాడు.

"మేడం, కాదన్నరు! రాసిచ్చిండ్రు!"

షేర్ ఆటో కోసం నిలబడ్డవాళ్లు, ఎవరికో ఉద్యోగం దొరికిందన్నట్టు తలతిప్పి చూశారు.