ముసురుల మెరవని పెన్ను

పొద్దుగాల నా కట్టె లేతు దుకాణం తీస్తుంటే రూతక్క వచ్చింది. మా పినపాకల పంతులుగ చేసి రిటైరైన దేవదానం సారు పెద్దబిడ్డ ఆమె.

"నాయన రాత్రి ప్రభువు దగ్గరికి పోయిండు తమ్మీ. ఆయన పెన్ను ఉంటే ఇయ్యి, జేబుల పెట్టి సాగనంపుదం," అన్నది.

సారు నాతోని తునికి కట్టె నడిమి నల్ల చేవతోని పెన్ను చేయించుకున్నడు. లేతు మీద నున్నగనే వచ్చింది గానీ, ముసురుల లక్క పాలిష్ పూస్తే తెల్లగ మసకేస్తది. అందుకే సారు వచ్చినప్పుడల్లా "ఎండ కొట్టనియ్యి సారూ, అద్దం లెక్క చేసిస్త" అని తిప్పి పంపిన.

"ఇంకా మెరుపు రాలే అక్కా," అన్న.

"పెట్టె మూసినంక ఎవరు చూస్తరు తమ్మీ?"

పాలిష్ పూయని ఆ మసక పెన్నే ఇచ్చిన. సమాధుల కాడ మట్టి పోస్తుంటే ఎండ ఫెళ్లున కొట్టింది. వాన తెరిపిచ్చిందని అందరు సంబురపడ్డరు. నాకైతే ఆ ఎండను చూస్తే ఒళ్లు మండింది. పాలిష్‌కు గంత మంచి ఎండ ఈ వానకాలంల రానే రాలే.

మీరైతే ఆ మసకదే ముందుగాల ఇచ్చేటోళ్లా? చెప్పుండ్రి. సారు నన్ను పెన్నే అడిగిండు, మెరుపు ఎన్నడూ అడగలే.