గిలకలదిండికి వచ్చిన ఖాళీ కార్డులు

నాకో పిచ్చి ఉంది, ముందే ఒప్పేసుకుంటాను. లోకమంతా స్టాంపులు పోగుచేస్తే నేను స్టాంపు అతికించే పనిలేని కాగితాలు పోగుచేస్తాను. అంటే బిళ్ల ముందే అచ్చువేసి అమ్మే పోస్టు కార్డులు, ఇన్‌లాండు లెటర్లు, కవర్లు, విదేశాలకి రాసుకునే పల్చటి ఏరోగ్రాములు. పాతికేళ్లుగా పోగుచేస్తుంటే ముప్ఫై నాలుగు దేశాలవి చేరాయి. వాటికోసం బీరువాలో పట్టుచీరల అర ఖాళీ చేశాను. ఆ చీరలు ఏమైపోయాయని మావారు ఇప్పటికీ అడుగుతుంటారు. కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పుకునే మనిషికి ఈ గోల ఎందుకని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆదివారాలు బెజవాడ వన్ టౌన్‌లో పాత కాగితాల గోడౌన్ల వెంట తిరగడం మాత్రం మానలేదు. అలా పోయిన నవంబరులో ఒక గోనెసంచి అడుగున ఏడు పోస్టు కార్డులు దొరికాయి. ఈ ప్రయాణానికి అవే కారణం.

ఏడూ పదిహేను పైసల కార్డులు. ఉత్తరం రాసే చోట ఒక్క అక్షరం లేదు. అడ్రసు మాత్రం అన్నిటి మీదా ఒకే దస్తూరీలో ఉంది: బి. నాంచారమ్మ, ఐసు కొట్టు దగ్గర, గిలకలదిండి, బందరు. పోస్టాఫీసు ముద్రలు మాత్రం రకరకాలు. రెండు విశాఖపట్నానివి, మూడు పారాదీప్‌వి, ఒకటి గోపాల్‌పూర్‌ది, ఒకటి కాకినాడది. మాలాంటివాళ్లు చేసే పని సరిగ్గా ఇదే. ఊరూరి ముద్రలు కావాలంటే మన అడ్రసు మనమే రాసి ఖాళీ కార్డులు పోస్టు చేసుకుంటాం. హంగరీలో నాతో కార్డులు మార్చుకునే ఒక రిటైర్డు మాస్టారున్నారు. ఆయనకి స్కాన్ చేసి పంపితే, సందేహం లేదు, ఇది మనవాళ్ల పనే అని జవాబిచ్చాడు. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్లు పుట్టింది. నాకు డెబ్భై కిలోమీటర్ల దూరంలో, చేపల రేవులో, నాకంటే ముందునుంచీ ఒకావిడ ఈ పని చేస్తోందా అని రెండు నెలలు అదే ధ్యాస. చివరికి జనవరిలో రెండో శనివారం చూసుకుని బయల్దేరాను.

బెజవాడ బస్టాండులో ఉదయం ఆరున్నరకి బందరు ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. టిక్కెట్టు ముప్ఫై నాలుగు రూపాయలు. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే ఎండ మొహాన కొడుతుంది, కుడివైపు కూర్చోండి. కంకిపాడు దాటేదాకా మంచులో ఏమీ కనబడలేదు. ఉయ్యూరులో పావుగంట ఆపారు. చెరుకు లారీల మధ్య నిలబడి మూడు రూపాయల టీ తాగాను, అంత మంచి టీ ఆ తర్వాత రోజంతా దొరకలేదు. పామర్రు తర్వాత రోడ్డుకి రెండు పక్కలా మినుము చేలు, మధ్యమధ్య చేపల చెరువులు. తొమ్మిదింటికల్లా బందరులో దిగాను. అక్కణ్ణుంచి గిలకలదిండికి ఆటో అరవై అడిగితే నలభై ఐదుకి కుదిరింది. డ్రైవరు సుభానీ నన్ను పైనుంచి కిందకి చూసి, రొయ్యలకైతే లేటయిపోయారు మేడమ్, వేలం ఆరింటికే అయిపోద్ది అన్నాడు. పోస్టు కార్డుల కోసం వచ్చానంటే అద్దంలోంచి ఇంకోసారి చూసి, బండి స్టార్టు చేశాడు.

ఐసు కొట్టు వెతుక్కోనక్కర్లేదు, రేవుకి వెళ్లే రోడ్డు మీదే ఉంటుంది. కొట్టాయన అరవై ఏళ్ల మనిషి, కళ్లజోడుకి దారం కట్టుకున్నాడు. కార్డులు చూపించగానే మొహం వెలిగింది. ఆ దస్తూరీ ఆయనదే. ముద్రలు సేకరించే నాంచారమ్మగారి ఇల్లెక్కడని నేను అడిగిన తీరుకి ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమెకి చదువే రాదట. సంగతేమిటో నన్ను ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి చెప్పాడు. సీజనుకి ఇక్కడి మగాళ్లు విశాఖ, పారాదీప్ లాంటి పైరేవుల్లో పెద్ద పడవల మీద కూలికి వెళ్తారు, మూడు నాలుగు నెలలు రారు. ఫోన్లు లేని రోజుల్లో ఆడవాళ్లు తలా పది కార్డులు కొనేవాళ్లు. వాటిమీద ఈయన అడ్రసులు రాసి ఇచ్చేవాడు. మగాళ్లు వాటిని పాలిథిన్‌లో చుట్టి మొలకి కట్టుకుని పోయి, ఏ రేవులో దిగితే ఆ రేవులో ఒకటి డబ్బాలో వేసేవాళ్లు. కార్డు వచ్చిందంటే మనిషి బాగున్నట్టు. ఏ రేవులో ఉన్నాడో ముద్ర చూసి పోస్టుమాన్ చదివి చెప్పేవాడు. అంతే ఉత్తరం.

పాతికేళ్ల నా పాండిత్యం ఆ ఐసు పెట్టె మీదే కరిగిపోయింది. సిగ్గుపడ్డాను గానీ, సంతోషం కూడా వేసింది. ప్రపంచంలో ఏ కేటలాగులోనూ లేని సంగతి ఇది. ఎలాగైనా ఇలాంటి కార్డులు ఇంకొన్ని సంపాదించాలన్న ఆశతోనే కొట్టు వెనక సందులో ఉన్న నాంచారమ్మగారి ఇంటికి వెళ్లాను.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఇంటిముందు వల పరిచి మెత్తళ్లు ఎండబోసి, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. పోస్టు కార్డులు చదివే మనిషినని, బెజవాడ నుంచి వచ్చానని చెప్పాను. కార్డులు చేతికిస్తే కొంగుకి చెయ్యి తుడుచుకుని తీసుకుంది. ఒక్కొక్కటే తిప్పి చూసి, ఇవి నేను ఉల్లిపాయలవాడికి వేసేసినవి అంది. ఆ గొంతులో కోపం ఉందో బాధ ఉందో నాకు తెలియలేదు. రాయించి పంపొచ్చు కదా, ఖాళీగా ఎందుకని అడిగాను.

"రాయించాలంటే ఒకళ్లకి చెప్పాల కదండీ. చెబితే ఆళ్లకీ తెలుస్తది. ఖాళీ కార్డులో ఏవుందో ఆయనకీ నాకే తెలుసు," అంది.

ముద్రల్లో ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైనది కాకినాడ. పైరేవుల నుంచి దిగివచ్చే పడవలు ఆఖరున ఆగేది అక్కడే. కాకినాడ ముద్రపడ్డ కార్డు వచ్చిందంటే మూడు నాలుగు రోజుల్లో మనిషి ఇంట్లో ఉండేవాడు. ఆ కార్డు వచ్చిన రోజే ఇల్లు అలికేదాన్నని చెప్పింది. చెబుతూనే లేచి లోపలికి వెళ్లి, బియ్యం డబ్బాలోంచి పాలిథిన్ చుట్టిన ఇంకో కార్డు తెచ్చింది. నీళ్లలో నాని ఆరిన కార్డు అది, అట్టలా బిగుసుకుపోయింది. కొట్టాయన రాసిన అడ్రసు బాల్ పెన్నుది కాబట్టి నిలిచింది. ముద్ర ఉండాల్సిన చోట ఒక బూడిదరంగు మరక, అంతే.

దాని కథ ఆవిడే చెప్పింది. పదేళ్ల పైమాట. ఆ ఏడు తోటివాళ్లంతా పారాదీప్ నుంచి రైల్లో వచ్చేశారు. భర్త మాత్రం ఇంకో నెల కూలి వస్తుందని అక్కడి ఒరియావాళ్ల పడవలో ఉండిపోయాడట. తర్వాత పెద్ద గాలివాన వచ్చింది. రోడ్లు తెగి, ఊరంతా నీళ్లు. గాలివాన వెళ్లిన తొమ్మిదో రోజున ఈ కార్డు వచ్చింది. పోస్టుమాన్ అటూ ఇటూ తిప్పి, సిరా కారిపోయిందమ్మా, ఊరూ తేదీ తెలియడం లేదన్నాడు. ఊళ్లోవాళ్లు మాత్రం లెక్క తేల్చేశారు. గాలివాన తర్వాత కార్డు వచ్చింది కాబట్టి మనిషి బతికే ఉన్నాడు. బతికి ఉండీ రాలేదు కాబట్టి అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడు. అత్తవారూ అదే మాటన్నారు. కూతురి పెళ్లిలో పీటల మీద బావగారు కూర్చుంటే, తండ్రి ఏడని అడిగినవాళ్లకి తలొకరూ తలో జవాబు చెప్పారట. ఆ పెళ్లయిన వారానికే పాత కార్డులన్నీ ఉల్లిపాయలకి వేసేసింది.

ఇదొక్కటీ ఎందుకు ఉంచారని అడిగాను. "ఇది ఇంకా చదవలేదు కదండీ," అంది.

నా సంచిలో ఎప్పుడూ భూతద్దం, చిన్న టార్చి ఉంటాయి. సిరా పోయినా ఉక్కు ముద్ర కొట్టిన నొక్కు అట్టలో ఉండిపోతుంది. చీకట్లో కార్డుని నల్లగుడ్డ మీద పెట్టి, టార్చిని పక్కనుంచి నేలబారుగా వేస్తే ఆ గుంటల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి. నాంచారమ్మగారి ఇంట్లో కిటికీ మూసి, నా గొడుగు పరిచి, దానిమీద కార్డు పెట్టి బోర్లా పడుకున్నంత పని చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. మొదట వలయం అంచు తేలింది, తర్వాత ఊరి పేరులో సగం, తర్వాత మిగతా సగం. తేదీ అన్నిటికంటే ఆఖర్న దొరికింది. ఈ విద్య నేర్చుకున్నాక అంత కష్టమైన ముద్ర నేనెప్పుడూ చదవలేదు. ఆ సంబరంలో, ఫస్టు మార్కు వచ్చిన పిల్లలా, కాకినాడ, పన్నెండో తేదీ, దొరికింది అని గట్టిగా అనేశాను.

తలెత్తి చూస్తే ఆవిడ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. "గాలివాన పద్నాలుగునండి," అంది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. కార్డు గాలివానకి రెండు రోజుల ముందే డబ్బాలో పడింది. నీళ్లలో చిక్కుకుని ఆలస్యంగా చేరింది, అంతే. పన్నెండున కాకినాడలో ఉన్న మనిషి పద్నాలుగున సముద్రం మీద ఉండి ఉంటాడు. ఆయన ఎవరికోసమూ ఆమెని వదిలేయలేదని, ఆయన ఇక లేడని, రెండూ ఒకే మాటలో చెప్పేశాను. అదీ ఒక పజిలు విప్పినట్టు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఆవిడ జారిపోయినట్టుగా గడపలోనే కూర్చుంది. నా చేతిలోంచి కార్డు తీసుకుని, "అయితే ఇంటికొస్తన్నాడన్నమాట," అంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఇన్నేళ్లూ తిట్టానండి. ముద్ద కలుపుకున్నప్పుడల్లా తిట్టాను," అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. దగ్గర కూర్చుని, ముద్ర చెప్పేది కార్డు ఎక్కడ పడిందన్నది మాత్రమేనని, ఆ తర్వాత మనిషి ఎటు వెళ్లాడన్నది కాగితానికి తెలియదని, ఉన్నమాట చెప్పాను. ఆవిడ నా వైపు చూసింది.

"కాకినాడ నించి ఆయన ఇంకెక్కడికీ పోడండీ," అంది. "ఇంటికే."

తర్వాత లేచి, ఎండుచేపల్ని కాకులకి వదిలేసి, కార్డు పట్టుకుని ఐసు కొట్టు దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. కొట్టు ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆవిడ గొంతు పెంచలేదు. మా ఆయన ఇంటికొస్తా పోయాడు, మేడంగారు చదివారు, అని చెప్పింది. కొట్టాయన బల్ల దిగి వచ్చి, కార్డు తీసుకుని తన దస్తూరీ వంకే చూస్తూ నిలబడ్డాడు. ఇంకో ఇల్లు పెట్టాడన్న మాట ముందు ఏ నోటి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, అక్కడున్న ఆడవాళ్లలో ఒకామె వల కింద పెట్టేసి వచ్చి నాంచారమ్మగారి కాళ్ల దగ్గర కూర్చుంది.

ఏడు కార్డులూ అక్కడే ఇచ్చేశాను. బందరులో చేపల భోజనం గురించి రాస్తానని కొందరికి మాటిచ్చాను గానీ, ఆ పూట నాకు ముద్ద దిగలేదు, క్షమించండి. సాయంత్రం గుడివాడ మీదుగా వచ్చే పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు పదమూడు రూపాయలు, బస్సు కంటే గంట ఎక్కువ పడుతుంది, కానీ పెడన నుంచి నేత మూటలతో ఎక్కేవాళ్ల కబుర్లు వింటూ రావచ్చు. ఆ రోజు నేనేమీ వినలేదు. ఇంటికొచ్చాక హంగరీ మాస్టారికి ఇదంతా రాశాను. మేము వాడే జాబితాల్లో కార్డుకి ఎదురుగా "రాయనిది" అని పెట్టే గడి ఒకటుంటుంది, దాంతో విలువ సగానికి పడిపోతుంది. ఆ గడిలో టిక్కు పెట్టడానికి ఇప్పుడు నాకు చెయ్యి రావడం లేదు. రెండు వారాలకి ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. తన దగ్గరున్న ఖాళీ కార్డులన్నీ బయటికి తీసి, ఎవరు ఎవరికి వేసుకున్నవోనని ఒక్కొక్కటీ చూస్తున్నాడట.

మీరూ టార్చీ భూతద్దం పట్టుకుని ఇలాంటి ఊళ్లకి బయల్దేరితే ఒక్క సలహా. ముద్ర మీద తేదీ దొరికిందని పైకి చెప్పే ముందు, ఆ కార్డు గల మనిషి కూర్చుని ఉన్నారో లేదో చూసుకోండి.