చాట చప్పుడుకు నేర్చిన పద్యం

చాటలో బియ్యం చెరిగే చప్పుడు మీకు గుర్తుందా? నిన్న జనగామలో మా ఇంట్లో నేను చెరుగుతుంటే, పద్యం నోటికి రావట్లేదని ఏడుస్తున్న నా కూతురు ఆ చప్పుడుకు తలూపింది. నా చిన్నప్పుడు జఫర్‌గఢ్‌లో ఇలాగే చెరిగే మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా చెరుగుతూ, చాట దెబ్బకొక మాట చొప్పున పద్యం పాడేది. చివరి మాట నాకు వదిలేసేది. నేను అందుకుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టేది. నాకది ఆటే.

ఐదో తరగతిలో నా స్నేహితురాళ్లు ఇంటికొస్తే అవ్వ సంబరంగా పద్యం ఎత్తుకుంది. ఒక మాట తప్పు పలికింది. వాళ్లు నవ్వారు. నాకు నామోషీ అనిపించి, "గట్ల కాదవ్వా! నీకు సదువు రాదు గదా, ఊకో" అన్నాను.

"అవు బిడ్డా, నాకేం ఎరుక" అని అవ్వ తల దించుకుంది. మళ్లీ నా ముందు ఎన్నడూ పాడలేదు. పాడమని నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అవ్వ లేదు.

నిన్న అవ్వలాగే దెబ్బకొక మాట చెప్తే పాప నవ్వుతూ పద్యమంతా అప్పజెప్పింది.

"గిట్ల నీకెవరు నేర్పిర్రమ్మా?"

"మా అవ్వ."

"మరి ఇంకేం పద్యాలు నేర్పింది?"

పాప ముఖం చూడలేకపోయాను. "గంతే బిడ్డా. నేనే ఊకోమన్న" అని చెప్పాను.