మనోవర్తి గది

మా అమ్మమ్మకు కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత చెవులు. మాట ఆఖరున వస్తుంది. ఆలోగా పారిపోయినవాడు అదృష్టవంతుడు. తాతయ్య పోయాక ఆవిడకు మిగిలిన ఆస్తి ఆ కోపం ఒక్కటేనని మా అమ్మ అంటుంది. అది నిజం కాదు. ఒక గది కూడా మిగిలింది.

తాతయ్యా, ఆయన తమ్ముడూ కలిసి పెట్టిన రొట్టెల దుకాణం మాది. పిండి పిసకడం తాతయ్య వంతు. బట్టీ ముందు నిలబడి, తనకన్నా పొడుగున్న చెక్క పారతో రొట్టెలు లోపలికి తోసి, కాలాక బయటికి లాగడం అమ్మమ్మ వంతు. చిన్నతాత గల్లాపెట్టె ముందు కూర్చుని చెమట పట్టకుండా చూసుకునేవాడు. అన్న పోగానే నలుగురు పెద్దమనుషుల్ని పిలిపించి, దుకాణం తనదనీ, వదినకు మనోవర్తి ఇస్తాననీ తేల్చేశాడు. మనోవర్తి అంటే రోజూ తినడానికి రొట్టె, ఉండటానికి బట్టీ వెనక గది. బతికినన్నాళ్ళూ ఉండొచ్చు. అమ్ముకోకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు. పైగా ముందు గుమ్మంలోంచి రాకూడదు, సందులోంచే రావాలి. కొనేవాళ్ళకు అడ్డమట!

ఆ గది మసి, పొగ, వేడి. పిల్లి కూడా అక్కడ పడుకోదు. అందుకే అంత ధారాళంగా ఇచ్చేశారు. అయితే మా బట్టీ నోరు దుకాణంలో ఉంటే, కట్టెలు వేసే ఇనప తలుపు ఈ వెనక గదిలో ఉంది. "ఎలాగూ అక్కడే ఉంటావుగా వదినా" అని ఆ పనీ ఆవిడకే అంటగట్టారు. కూలి లేదు, సెలవు లేదు.

నేను బడి మధ్యలోనే మానేసినదాన్ని. అయినా ఆ మనోవర్తి అనే మాట ఏమిటో తెలుసుకోవాలనిపించి, మా దగ్గర బన్నులు కొనే టీచరమ్మను అడిగాను.

"భర్త పోయినావిడ బతకడానికి ఇచ్చే ఆధారం" అందావిడ. "పాత మాట. మనసులోంచి వచ్చిందని కొందరంటారు. 'మను' అంటే బతకడం, మనుగడలో ఉన్నదే, అందులోంచి వచ్చిందని ఇంకొందరు."

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మమ్మ కట్టె విరుస్తూ, "మొదటిది కాదులే. మీ చిన్నతాత ఇచ్చినదాంట్లో మనసెక్కడుంది?" అంది.

అదే వారం చిన్నతాత కొడుకు, నాకు మామయ్య, సందు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వస్తే చొక్కా మాసిపోతుందని భయం.

"పెద్దమ్మా, మిద్దె మీద రేకుల గది ఊడ్పించాను. రేపు అక్కడికి మారిపో. ఇక్కడ పనివాణ్ణి పెడుతున్నాను."

"ఇది నాకిచ్చిన గదిరా."

"ఇచ్చింది మేమేగా! పైనిస్తే ఏంటి, కిందిస్తే ఏంటి?"

ముక్కు ఎర్రబడింది. మాట మాత్రం రాలేదు. అదే ప్రమాదమని వాడికి తెలియదు.

మర్నాడు వేకువనే అమ్మమ్మ, నేను లోపల ఉండగానే, సందు తలుపుకు గడియ పెట్టి పీట మీద కూర్చుంది. నిప్పు వెయ్యలేదు. ముందు వైపు పిండి పొంగుతోంది. కాసేపటికి చిన్నతాత తలుపు బాదాడు.

"వదినా! పిండి గంగాళం దాటి పోతోంది!"

"పోనీ. ఇన్నేళ్ళుగా నేనూ పొంగుతున్నాను. ఒక్కరైనా చూశారా?"

"ఏదో చిన్నపిల్లాడు, నోరు జారాడు."

"వాడి బట్టతల చూసే అంటున్నావా ఆ మాట? ఉయ్యాల కూడా కొనిపెట్టు."

"నీకేం తక్కువ చేశాం? మనోవర్తి ఇస్తున్నాం కదా!"

చెవులు కూడా ఎర్రబడ్డాయి. నేను గోడకు అంటుకుపోయాను.

"ఇస్తున్నావా? నా మొగుడు పిసికిన పిండి, నేను కాల్చిన రొట్టె, అందులో ముక్క విరిచి నాకే ఇస్తున్నావా? ఆ మాటకు అర్థం బతుకట, నా మనవరాలు కనుక్కొచ్చింది. నా బతుకు నాకివ్వడానికి నువ్వెవరు? నేనీ గది మారను. ఇకనుంచి ముందు గుమ్మంలోంచే వస్తాను. బట్టీ ముందు నా చోటు నాకు కావాలి. కట్టెలు వెయ్యడానికి నీ కొడుకున్నాడు."

"నలుగురూ ఏమనుకుంటారు వదినా?"

"'రొట్టెలేవీ?' అనుకుంటున్నారు. చెవి పెట్టి విను."

నిజమే, వీధిలో కేకలు మొదలయ్యాయి. చిన్నతాత గొణిగాడు, దగ్గాడు, చివరికి తలుపు కింద ఖాళీలోంచి ముందు గుమ్మం తాళంచెవి లోపలికి తోశాడు.

అమ్మమ్మ నిప్పు వేసి, మామయ్యను కట్టెల దగ్గర కూర్చోబెట్టి, సందు చుట్టి వీధిలోకొచ్చింది. కొనేవాళ్ళ మధ్యలోంచి మసి కాళ్ళతో తిన్నగా దుకాణంలోకి నడిచింది. నేను అడుగులు తుడవబోతే, "ఉండనియ్యవే" అంది.

పిండి మరీ పులిసిపోయి ఆ రోజు రొట్టెలు అట్టల్లా వచ్చాయి. మొదటిది లాగి, గల్లాపెట్టె దగ్గర తల దించుకున్న చిన్నతాత చేతిలో పెట్టింది.

"తిను. ఇవాళ్టికిది నీ మనోవర్తి."

ఆయన తిన్నాడు. అమ్మమ్మ చెవులు మాత్రం మధ్యాహ్నం దాకా ఎర్రగానే ఉన్నాయి.