లాయర్ ఆంటీకి పడిన ఓట్లు

గురువారం ఉదయం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా తెలిసింది: మిషిగన్‌లోని మా నోవై ఊరి న్యాయవాది వేదవతి గారు నిద్రలోనే పరమపదించారు. వాదించకుండా దేనికీ ఒప్పుకోని మనిషి, ఇంత నిశ్శబ్దంగా వెళ్ళిపోవడమేమిటి!

పరోపకారం ఆవిడ సహజగుణం. మందలింపు దానికి ముందుమాట. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో మా మిత్రుడు, అతివేగానికి పోలీసులిచ్చిన స్పీడింగ్ టికెట్ చూపించి, "మంచులో కారు దానంతటదే స్పీడందుకుంది మేడమ్" అన్నాడు. "ముందు పులిహోర తిను. కడుపు నిండితే నిజం చెప్తావు" అన్నారావిడ. కోర్టులో అతని పక్కన నిలబడిందీ ఆవిడే.

ఆరేళ్ల కిందట, ఓట్లతో ఎన్నుకునే ఇక్కడి జడ్జి స్థానానికి ఒకే అభ్యర్థి మిగిలారు. "ఒక్క పేరుంటే అది ఎన్నిక కాదయ్యా, హాజరు పట్టీ" అంటూ ఆవిడ బరిలోకి దిగారు. బ్యాలట్‌లో పేరు అచ్చయ్యే గడువు అప్పటికే దాటింది. మిగిలింది రైట్-ఇన్ దారి: అభ్యర్థి తన పేరు ముందుగా అధికారులకు రాసివ్వాలి, ఓటరు ఖాళీ గీత మీద ఆ పేరు రాసి పక్కనున్న గుండ్రం నింపాలి. "ఇన్నేళ్లూ కింద నిలబడి వాదించాను. ఒక్కసారి పైన కూర్చుని వినాలనుంది" అన్నారు నాతో. ఆ కోరికలో దాపరికం లేదు.

ప్రచార సారథ్యం నాది. నాది గ్రీన్ కార్డు, ఓటు లేదు. మిగతా కార్యకర్తలందరూ హెచ్-1బిలు. ఓట్లున్నది ఇక్కడే పుట్టి, పద్దెనిమిది నిండిన పిల్లలకి. వాళ్ళు మహోత్సాహంతో వెళ్ళి, గుండ్రాలు దిద్ది, "లాయర్ ఆంటీ" అని రాసి వచ్చారు! కరపత్రాల్లో పూర్తి పేరు వేశాం గానీ, తెలిసిన ఆంటీ కరపత్రం ఎవరు చదువుతారు?

ఆ ఓట్లు చెల్లలేదు. ఆవిడ ఓడిపోయారు. కాలేజీ చదివే మా పక్కింటి స్నేహ తెల్లబోయింది. "ఆంటీ, మీకు ఇంకో నేమ్ ఉందా? నాకు ఎవరూ చెప్పలేదు!"

నేను మండిపడ్డాను. "అన్యాయం మేడమ్! లాయర్ ఆంటీ అంటే ఎవరో ఊరంతా తెలుసు. చాలెంజ్ చేద్దాం."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. "నేను రాసిచ్చిన పేరు అది కాదు నాయనా. నాకు నష్టమొచ్చిందని రూల్ తప్పయిపోదు." అంత నిష్పక్షపాతమైన న్యాయమూర్తిని ఈ ఊరు పోగొట్టుకుంది. ఆ బాధ నాకింకా తగ్గలేదు, తగ్గదు కూడా.

ఈ ఏడాది నాకు పౌరసత్వం వచ్చింది. నవంబర్‌లో అదే స్థానానికి మళ్ళీ ఒకే పేరుంది. నా తొలి ఓటుగా ఆ ఖాళీ గీత మీద ఆవిడ పూర్తి పేరు రాస్తాను. ఆ పేరు ముందుగా రాసివ్వడానికి ఈసారి ఆవిడ లేరు కనుక అది లెక్కలోకి రాదు. ఆ నిబంధన నాకు నేర్పిందీ ఆవిడే.