పేలని మూడో బెజ్జం

మా బావి అడుగంటిన ఏడు నాకు పందొమ్మిదేళ్ళు. యాడికి అనే ఊరికి రెండు మైళ్ళ దూరంలో, నాపరాయి నేలలో, మా నాయనకు తాత తవ్వించిన బావి అది. యాభైల చివర్లో వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. మొదటి ఏడు వేరుశనగ పోయింది. రెండో ఏడు జొన్న మొలకే లేవలేదు. నేనప్పుడు అనంతపురంలో టీచరు ట్రైనింగు చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి చూస్తే పశువుల కొట్టానికి కప్పు లేదు. కప్పిన బోదగడ్డిని అమ్మ రోజుకింత పీకి ఎద్దులకు వేస్తోంది. అదీ చాలక నాగజెముడు మట్టలు తెచ్చి, ముళ్ళు కాల్చి, తరిగి పెడుతోంది. ఎర్రెద్దు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. తెల్లెద్దు కొంచెం నయం.

సెలవులు కాగానే నేను పరీక్షాధికారి ముందు పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. నాకు వచ్చిన పాఠం శక్తి రూపాలు. నోటుబుక్కు పట్టుకుని అరుగు మీద కూర్చుని వల్లె వేసుకుంటూ ఉంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం పాపా, పెదిమలు ఊరికే ఆడతాండాయి?"

"శక్తి గురించి నాయనా. శక్తి పుట్టదంట, చావదంట. ఒగ రూపం పోయి ఇంగో రూపం వస్తాదంట. ఎండ గడ్డిలోకి పోతాది. గడ్డి ఎద్దులోకి పోతాది. ఎద్దు లాగితే నీళ్ళు పైకొస్తాయి. అంతా ఒగటే శక్తి."

నాయన కొట్టం వైపు చూశాడు. "ఎండకేం తక్కువ ల్యా. గడ్డే ల్యాకపాయె. ఆ పుస్తకం రాసినాయన మన పక్కకు వచ్చిండడులే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సెలవుల్లో మా ఇంట్లో నవ్వు వినిపించింది ఆ ఒక్కసారే అనుకుంటాను. ఎందుకంటే మర్నాడు బావుల్లో రాళ్ళు పేల్చే మేస్త్రీ పేలుడు మందు డబ్బా తెచ్చి మా ఇంట్లో పెట్టాడు.

బావిని ఇంకా లోతు తవ్వితే ఊట తగులుతుందని నాయన ఆశ. అడుగున ఉన్నది గట్టి రాయి, గడ్డపారకు లొంగదు. సమ్మెటతో ఉలి కొట్టి రాతిలో మూరెడు లోతు బెజ్జాలు వేయాలి. వాటిలో నల్లటి మందు పోసి, వత్తి పెట్టి, పైన బంకమట్టి కూరి, వత్తి అంటించాలి. ఆ పని తెలిసినవాడు మేస్త్రీ. యాభై దాటినవాడు, మెల్లగా మాట్లాడేవాడు. డబ్బాను ధాన్యపు గాదె వెనక పెట్టి, "అక్కా, దీనికి నిప్పు సోకగూడదు, అంతే. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు మా అమ్మతో. అమ్మ అదే రోజు పొయ్యిరాళ్ళు ఎత్తి పెరట్లో పెట్టుకుంది. దీపం కూడా వసారాలోనే. నేను గాదె ఉన్న గదిలోకి పోవడం మానేశాను. ఆ డబ్బా చప్పుడు చేయదు, కదలదు, వేడిగా ఉండదు. అదే నాకు భయం. మా పుస్తకంలో దాగి ఉన్న శక్తి అని రెండు వాక్యాలు ఉన్నాయి. వాటిని నేను పదిసార్లు చదివి ఉంటాను. డబ్బాను చూసేదాకా వాటికి అర్థం ఉందని తట్టలేదు.

మేం నీళ్ళు తోడే కపిల గురించి చెప్పాలి. బావి గట్టు మీద గిలక, గిలక మీదుగా మోకు. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి నడుస్తూ ఉంటే మోకు కొసకు కట్టిన తోలు బాన నీళ్ళతో పైకి వచ్చేది. నీళ్ళు ఎండిపోయాక బానను విప్పి ఇనుప గంప కట్టారు. పగిలిన రాళ్ళు అందులోనే పైకి వచ్చేవి, మనుషులూ అందులోనే దిగి ఎక్కేవారు. వత్తి అంటించినవాడు గంపలో నిలబడి కేక వేస్తే ఎద్దులను తోలాలి. మేస్త్రీ ముందుగా ఒక వత్తి ముక్క గట్టు మీద అంటించి, అది కాలేలోపు ఎద్దులు బాట చివరికి చేరతాయో లేదో చూసుకునేవాడు. మా జీతగాడు కరువుకు తాళలేక బళ్ళారి పక్క కూలికి పోయాడు. అందుకని ఎద్దులు తోలే పని నాది. మొదటి రెండు సార్లు పేల్చినప్పుడు అంతా సవ్యంగా జరిగింది. నేల అదిరినప్పుడు నా పళ్ళు కూడా అదిరాయి, అంతే.

మూడోసారి పొద్దున్నే మేస్త్రీ కుడిచెయ్యి చితికింది. బావి ఒడ్డు నుంచి ఊడిన రాతిపెచ్చు వచ్చి వేళ్ళ మీద పడింది. అప్పటికే మూడు బెజ్జాల్లో మందు పోసి మట్టి కూరేశారు. అమ్మ అతని చేతికి గుడ్డ చుడుతూ ఉంటే నాయన, "వత్తులు నేను అంటిస్తా," అన్నాడు.

"వద్దప్పా," అన్నాడు మేస్త్రీ. "రేపు చూద్దాం. నా చెయ్యి కుదుట పడనీ."

"రేపటికి మందు చెమ్మ పడతాదని నువ్వే గదన్నా చెప్పినావు. నువ్వు గట్టు మీద ఉండి చెప్పు. నేను చేస్తా."

"నీకేమన్నా అయితే మేము యాడికి పోవల్ల?" అంది అమ్మ. నాయన వత్తులకు నిప్పు కావాలని బీడీ అంటించుకుని గంపలో దిగాడు.

మిట్టమధ్యాహ్నం. గట్టు మీది రాళ్ళు కాలు పెట్టనివ్వడం లేదు. నేను ఎద్దుల పగ్గాలు పట్టుకుని బాట మొదట నిలబడ్డాను. అమ్మ నా పక్కనే ఉంది. మేస్త్రీ బావిలోకి వంగి చూస్తున్నాడు. లోపలి నుంచి వత్తి చిటచిటమన్న శబ్దం వచ్చింది. ఆ వెంటనే నాయన కేక.

"లాగండప్పో!"

నేను ఎద్దులను అదిలించాను. అవి కదిలాయి. మోకు బిగిసింది, గిలక కిర్రుమంది. సగం బాట దిగాక ఎర్రెద్దు ఆగింది. కొరడా ఆడించాను. అది ఒక అడుగు వేసింది, ముందుకాళ్ళు మడిచింది, అట్లాగే మోకాళ్ళ మీద కూలింది. కాడి ఒక పక్కకు ఒరిగిపోయింది. తెల్లెద్దు ఒక్కటే బరువు ఆపలేక వెనక్కి జారింది. గిలక వెనక్కి తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"ఏమైంది? ఏమైందే?" బావిలోంచి నాయన గొంతు. దాని వెంట గంధకం వాసన, పొగ.

నేను కొరడా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కదిలింది మేస్త్రీ. "మోకు మీద కూర్చోండి! బరువు పడాల! కూర్చో పాపా!" అని అరుస్తూ పరుగెత్తి వచ్చి, నడుముకున్న కొడవలి ఎడమచేత్తో తీసి ఎర్రెద్దు మెడ పలుపు కోశాడు. ఎర్రెద్దు పక్కకు పడిపోయింది. నేను మోకు మీదికి ఎగిరి పడ్డాను. మేస్త్రీ నా వెనక పడ్డాడు. మోకు కొంచెం కిందికి వంగింది. గంప కొంచెం లేచినట్టుంది. అది చాలదు.

అప్పుడు అమ్మ చేసిన పని నేను చూశాను. ఎద్దుల మీద ఎన్నడూ చెయ్యి ఎత్తని మనిషి. తెల్లెద్దు తోక రెండు చేతులా పట్టుకుని పళ్ళతో గట్టిగా కొరికింది. ఎద్దు అరిచి ముందుకు దూకింది. మెడ మీద ఒంటి పక్కన కాడి, వెనక మా ఇద్దరి బరువు. గొరిసెలు మట్టిలో జారుతున్నాయి, మళ్ళీ పట్టు దొరుకుతోంది. నేను మోకుకు కరుచుకుని కళ్ళు మూసుకున్నాను. అరచేతుల చర్మం లేచిపోతోందని తెలుస్తూనే ఉంది. వదిలితే ఏమవుతుందో అది కూడా తెలుస్తూనే ఉంది.

"చెయ్యి అందింది!" నాయన గొంతు దగ్గర్లో వినిపించింది. తల తిప్పి చూస్తే గట్టు రాయి పట్టుకుని మోచేతుల మీద పైకి పాకుతున్నాడు. అమ్మ పరుగెత్తి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ గట్టు దాటి పక్కకు దొర్లారో లేదో, బావి పేలింది.

ఒక్క దెబ్బ. వెనువెంటనే ఇంకోటి. రాళ్ళు గిలక కంటే ఎత్తుకు లేచి చుట్టూ పడ్డాయి. దుమ్ము తేలిపోయేదాకా ఎవరం లేవలేదు. నాయన లేచి కూర్చుని చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అమ్మ ఏదో అడుగుతోంది. ఆయనకు వినపడటం లేదు.

నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. అంతా అయిపోయింది అనుకున్నాను. మేస్త్రీ మాత్రం లేవకుండా బావి వైపు చెవి పెట్టి ఉన్నాడు. చాలాసేపటికి, మెల్లగా అన్నాడు.

"రెండే పేలినాయి."

మూడో బెజ్జం లోపల అట్లాగే ఉంది. వత్తి ఆరిపోయి ఉండవచ్చు. మట్టి కింద ఇంకా రాజుకుంటూ ఉండవచ్చు. పేలిన రెండూ ఎండలోకీ, దుమ్ములోకీ, మా నాయన చెవిలోకీ పోయి ముగిసిపోయాయి. ముగియనిది ఒకటి రాతిలో కూర్చుని ఉంది. తెల్లారేదాకా బావి దగ్గరికి ఎవరూ పోకూడదన్నాడు మేస్త్రీ. దారిన పోయే పశువులు రాకుండా కంప అడ్డం వేశాం. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. వీధిలో తలుపు గట్టిగా పడినా ఉలిక్కిపడ్డాం.

పొద్దున మేస్త్రీ వచ్చి నీళ్ళు కావాలన్నాడు. బెజ్జంలో నీళ్ళు పోసి నానబెట్టి, మట్టిని కట్టెపుల్లతో గీకి, మందును గుడ్డతో తీసెయ్యాలంట. ఉలి తగలకూడదంట. నీళ్ళు మైలున్నర దూరం నుంచి అమ్మా నేనూ మోసుకొచ్చేవాళ్ళం, తాగడానికి. ఇంట్లో ఉన్న నాలుగు బిందెలూ బావి గట్టుకు చేర్చాం. తాగే నీళ్ళను ఎండిన బావిలోకి దించుతూ ఉంటే అమ్మ మొహం చూడలేకపోయాను.

"నేను దిగుతా," అన్నాడు నాయన, అవసరానికి మించి గట్టిగా.

"నిన్న నువ్వు దిగింది చాలప్పా," అని మేస్త్రీ ఆయన భుజం మీద ఎడమచెయ్యి వేశాడు. నాయనకు మాట వినపడలేదు, చెయ్యి అర్థమైంది.

పక్కింటివాళ్ళ ఎద్దుల జత అడిగి తెచ్చాం. మేస్త్రీ గంపలో దిగుతూ ఉంటే పగ్గాలు నా చేతుల్లోనే ఉన్నాయి. అరచేతులకు గుడ్డలు చుట్టుకుని ఉన్నాను. అతను లోపల ఎంతసేపు ఉన్నాడో నాకు తెలియదు. నీళ్ళు పోసిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత మట్టి గీకిన చప్పుడు. గీకిన ప్రతిసారీ నేను ఎద్దుల కాళ్ళ వైపు చూశాను. చివరికి, "లాగు పాపా, నిదానంగా," అన్న కేక వచ్చింది. ఎద్దులు నిదానంగానే నడిచాయి. గంపలో మేస్త్రీ, అతని ఒళ్ళో తడి గుడ్డలో నల్లటి ముద్ద. అది మందు. దాన్ని చూసి అమ్మ మూడడుగులు వెనక్కి వేసింది. మేస్త్రీ దాన్ని దూరంగా ఒక గుంటలో పోసి మట్టి కప్పాడు.

"అడుగున చెమ్మ ఉండాది," అన్నాడు ఆ తర్వాత. "మనం పోసింది కాదు. రెండో బెజ్జం పక్క నెర్రెలోంచి వస్తాంది."

వారం తిరిగేసరికి అడుగున మోకాలు లోతు నీళ్ళు చేరాయి. చేనికి చాలలేదు. ఇంటికి, పశువులకు, వీధిలో మరో నాలుగు ఇళ్ళకు ఆ నీళ్ళతోనే ఎండాకాలం గడిచింది. ఎర్రెద్దు మర్నాడే లేచి నిలబడింది కానీ మళ్ళీ కాడి ఎత్తలేదు. వానలకు ముందే చచ్చిపోయింది. దాని గోతి దగ్గర నాయన చాలాసేపు నిలబడ్డాడు. దాన్ని పస్తు పెట్టి లాగమన్నామని అన్నాడు. ఆయన కుడిచెవి ఇక పనిచేయలేదు.

అనంతపురం తిరిగి పోయి పాఠం చెప్పాను. ఎండ, గడ్డి, ఎద్దు, నీళ్ళు అన్నీ నల్లబల్ల మీద వరసగా బొమ్మలు వేశాను. దాగి ఉన్న శక్తి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. పిల్లలు ఎదురు చూస్తున్నారు. పరీక్షాధికారి తల ఎత్తి చూశాడు. చాక్‌పీసు చేతిలో పొడి అయింది. ఆ రెండు వాక్యాలు వదిలేసి తర్వాతి పేరాకు పోయాను. మార్కులు తగ్గించారు. పాస్ చేశారు.

నాకు మొదటి ఉద్యోగం నల్లమాడ దగ్గర ఒక చిన్న బడిలో వచ్చింది. అరవైల్లో మా బావిని ఇంకో రెండుసార్లు లోతు చేశారు. పని మొదలవుతోందని నాయన రెండుసార్లూ జాబు రాయించాడు. రెండుసార్లూ బడిలో సెలవు దొరకలేదని జవాబు రాశాను. నేను సెలవు అడగనే లేదు. అంతా బాగా జరిగిందని మళ్ళీ జాబు వచ్చేదాకా, బళ్ళో పలక కింద పడినా ఉలిక్కిపడేదాన్ని.