కాగితం నడక

ఆ ఏడాది క్రిస్మస్‌కి మా హాల్లో కట్టిన దారం మీద నడిమధ్యన వేలాడింది నా కార్డు కాదు, మా తోడికోడలిది. ఇంత చిన్న విషయానికి నేనెంత కుళ్ళుకున్నానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆయన అడిగితే కడుపులో బాగాలేదన్నాను. అబద్ధం కాదు, కడుపు నిజంగానే మండుతోంది.

ఆ దారం సంగతి ముందు చెప్పాలి. బళ్ళారిలో మా సంఘం తెలుగువాళ్ళ ఇళ్ళలో పండగకి వచ్చిన కార్డుల్ని పారేయరు. ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకు దారం కట్టి, మడత దారం మీద పడేట్టు ఒక్కో కార్డునూ దాని మీద కూర్చోబెడతారు. మళ్ళీ పండగ దాకా అవి అక్కడే ఊగుతుంటాయి. వచ్చినవాళ్ళు దించి చూస్తారు, లోపలి వాక్యం చదువుతారు, తిరిగి పెడతారు. మా ఇంట్లో ఏ కార్డు ఎక్కడుండాలో చెప్పే అధికారం మా అత్తది. తలుపు తీయగానే కంటపడే ఆ మధ్య చోటు, నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు నుంచీ నాదే.

ఊరికే దక్కలేదది. మా నాయన ఒక ప్రెస్సులో బైండింగు పనిచేసేవాడు. కాగితానికి నడక ఉంటుందనేవాడు. షీటును ఒళ్ళో పెట్టుకుని ముందు ఇటు వంచు, తర్వాత అటు వంచు, ఏ పక్క మెత్తగా వంగితే అదే దాని నడక అని నా చేతులు పట్టుకుని చూపించాడు. మడత ఆ నడక వెంట పడితే ఏళ్ళు గడిచినా చెక్కుచెదరదు. అడ్డంగా పడితే మాత్రం, ఎంత ఖరీదైన కాగితమైనా, మడత దగ్గర విరుగుతుంది. కాగితం ఎంత మందమైతే అంత తొందరగా విరుగుతుంది. అట్ట కొయ్యకముందే మడత ఎటో చూసుకోవాలి. కోశాక ఏడ్చి లాభం లేదు.

ఏటా డిసెంబరు మొదట్లో, గుడికి రాలేని ముసలివాళ్ళకీ మంచం పట్టినవాళ్ళకీ స్త్రీల సమాజం తరఫున ఇంటికొక కార్డు వెళ్ళేది. అవన్నీ నేనే చేసేదాన్ని. గనుల డబ్బు పారిన కాలం కదా, ఊళ్ళో పెళ్ళిపత్రికలు పెట్టెలంత అయ్యాయి. ఆ పత్రికలు కోయగా మిగిలిన అంచు ముక్కల్ని ప్రెస్సాయన నాకోసం కట్టగట్టి ఉంచేవాడు. పట్టులాంటి కాగితాలు, ముత్యపు మెరుపు కాగితాలు, అరచెయ్యంత ముక్కలు. కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకునేదాన్ని. తెల్లవి మాత్రం ముట్టేదాన్ని కాదు. ఖనిజం లారీలు తిరిగే ఊళ్ళో తెల్ల కాగితం పొద్దున బల్ల మీద పెడితే సాయంత్రానికి ఎర్రబారుతుంది. గుడ్డతో తుడిస్తే ఆ దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది, నోటితో ఊదాల్సిందే. అందుకని మీగడ రంగో బిస్కెట్ రంగో తీసుకుని, పాత చీరలో చుట్టి పెట్టుకునేదాన్ని. బ్లేడుతో సన్నగా నక్షత్రం, పశువులతొట్టి, ఒక చిన్న గొర్రెపిల్ల కోసేదాన్ని. సంఘంలో నన్ను కార్డులక్క అనేవాళ్ళు. పైకి నవ్వి ఊరుకునేదాన్ని గానీ, ఆ పిలుపు వినడానికే గుడిలో అందరి తర్వాత బయటికి వచ్చేదాన్ని.

మా మరిది సండూరులో ఎవరిదో లారీ నడిపేవాడు. గనులు ఊపందుకున్నాక తనవే లారీలయ్యాయి, ఆ వెనక కారు వచ్చింది. మా ఆయన ఆఫీసులో గుమాస్తాగానే ఉన్నాడు, మేము గాంధీనగర్లో అదే అద్దె ఇంట్లో ఉన్నాము. వాళ్ళు బాగుపడితే నాకేం నొప్పి? నొప్పే, దాచుకోవడమెందుకు. అయినా కారు చూసి ఓర్చుకున్నాను, గాజులు చూసి ఓర్చుకున్నాను. ఆ డిసెంబర్లో మా తోడికోడలు, సిరిగేరి వరిపొలాల్లో పెరిగిన పిల్ల, కారులోంచి పొడుగాటి కాగితాల చుట్ట దించి, "అక్కా, ఈసారి నేనుగూడ కార్డులు జేస్తా" అనేసరికి మాత్రం నా వల్ల కాలేదు.

బెంగళూరులో కొన్నదట. విప్పి పరిస్తే హాలంతా నిండింది. ముదురు కుంకుమరంగు అట్ట, పైన నున్నటి మెరుపు, వేలు జారిపోతోంది. దానితోపాటు బంగారు రేకు కాగితం. నా అరచేతి ముక్కలెక్కడ, ఆ నిండు షీట్లెక్కడ! ముట్టుకోకూడదనుకుంటూనే ముట్టుకున్నాను. వేళ్ళు ఊరుకోవు కదా, ఒక మూల పట్టుకుని ఇటూ అటూ వంచాయి. పొడుగు వెంట మెత్తగా వంగింది, అడ్డంగా మొరాయించింది. ఆమె అప్పటికే పెన్సిలుతో గీతలు గీసి పెట్టుకుంది. ఒక్క గీతయినా నడక వెంట లేదు. అన్నీ అడ్డమే.

కత్తెర పట్టుకోబోయేముందు ఆ పిల్ల తలెత్తి నన్ను అడిగింది.

"అక్కా, ఇది యాపక్క మడిస్తే బాగుంటాది?"

ఎప్పుడు తలుచుకున్నా ఆ ప్రశ్న నా చెవిలోనే ఉంటుంది. తెలియక అడిగింది, నాకు తెలుసని అడిగింది. నేను నా బ్లేడు వైపు చూస్తూ జవాబిచ్చాను.

"యాపక్క మడిసినా ఒకటేలేమ్మా."

మొదటి కార్డు మడవగానే మడత పొడుగునా పైమెరుపు చిట్లి సన్నటి తెల్లగీత వచ్చింది. ఇదేందక్కా అంది. కొత్త కాగితం కదా, అణిగిపోతాదిలే అన్నాను. పాపం, నమ్మింది. మిగిలినవన్నీ అలాగే కోసింది, అలాగే మడిచింది. మధ్యలో నాకు రెండుసార్లు కాఫీ కూడా పెట్టిచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక రెండు రకాల కార్డులూ బల్ల మీద పెట్టాము. నా వైపు ఎవరూ రాలేదని కాదు, వచ్చారు, ఏటా చూసేవే కదా అన్నట్టు చూసి అటు వెళ్ళిపోయారు. పక్కింటి కన్నడావిడ మా గుడికి ఎప్పుడో గానీ రాదు, ఆమె కూడా ఆ రోజే రావాలా! ఆ కుంకుమరంగు కార్డు ఎత్తి పట్టుకుని "ఎష్టు చెన్నాగైతి" (ఎంత బాగుందో) అని నలుగురికీ చూపించింది. అయ్యగారు ప్రార్థనలో కొత్త చేతుల్ని దీవించమన్నారు. పాత చేతుల మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక మా అత్త దారం దగ్గర నిలబడింది. అప్పటికే ఆమెకు చూపు మసక. రెండు కార్డులూ కళ్ళకి ఆనించుకుని చూసి, నాది పక్కకు జరిపించి, తోడికోడలిది మధ్యన పెట్టించింది. "నీది చెయ్యికి తెలుస్తాది గానీ కంటికి ఆనదు. ఈ బంగారు నక్షత్రం నాకు కానొస్తాండాది" అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక అప్పటినుంచి నా పని ఎదురుచూడటమే. జనవరిలో ముసలివాళ్ళను పలకరించే వంకతో ఇల్లిల్లూ తిరిగాను. లోపలికి వెళ్ళగానే నా కన్ను మనిషి మీదకు కాక దారం మీదకు పోయేది. ఒకరింట్లో కుంకుమరంగు కార్డు మడత సగం దాకా తెగి వాలిపోయి ఉంది. ఇంకొకరింట్లో ముందుభాగం ఊడి మంచం కింద పడి ఉంది. అయ్యో అన్నాను పైకి. లోపల చెప్పలేనంత సంతోషం. ఆ పెద్దావిడ మోకాళ్ళ నొప్పుల సంగతి చెబుతూనే ఉంది, నేను ఒక్క ముక్క వినలేదు.

ఎండలు ముదిరాక మా ఇంట్లోదీ తెగింది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు రోజు మధ్యాహ్నం, ఫ్యాను కింద నేనూ మా అత్తా కూర్చుని ఉండగానే నక్షత్రం ఉన్న సగం టప్పున నేల మీద పడింది. నేను లేవలేదు. నా కార్డును మధ్యకు జరపమని మా అత్త అంటుందని కాచుకుని కూర్చున్నాను. ఆమె వంగి, నేలంతా తడుముకుని, ఆ ముక్క తీసుకుంది. దారం మీద వేలాడుతున్న రెండో సగం కూడా దించమంది. దించి ఇచ్చాను. రెండూ ఒళ్ళో పెట్టుకుని అంచులు వేలితో రాస్తూ, సండూరు నుంచి చిన్నకోడలు ఫోను చేసిందని చెప్పింది. అందరిళ్ళలోనూ కార్డులు తెగుతున్నాయని ఆమెకు తెలిసిపోయిందట. నా చెయ్యి మంచిది కాదత్తా, పండగపూట ముసలోళ్ళకి చెడు కాగితం ఇచ్చి మోసం చేసినాను, ఇంక కత్తెర ముట్టను, అక్క ఒక్కతే చేస్తే చాలు అని ఏడ్చిందట.

కార్డులన్నీ మళ్ళీ నా ఒక్కదానివే. నేను కోరుకున్నది అదే. అదే దక్కింది.

"మీ నాయన బైండింగు జేసినోడు" అంది మా అత్త, తల ఎత్తకుండానే. "కాగితం పట్టుకుంటేనే తెలుస్తాది నీకు. దానికి యాల చెప్పకపోతివి?"

ఆమె జవాబు కోసం చూడలేదు. గూట్లో సూదుల డబ్బా ఉంది తెమ్మంది, తెచ్చాను. ఎర్రదారం తీసి నా చేతికిచ్చింది.

"ఎక్కియ్యి. నాకు కండ్లు ఆనవు."

ఎక్కించాను. మొదటిసారి దారం జారింది, రెండోసారి ఎక్కింది. ఆమె రెండు సగాలూ చేర్చి, కళ్ళతో కాక వేలి కొసలతో చూసుకుంటూ, అంచు పొడుగునా కుట్టుకుంటూ పోయింది. రెండుసార్లు సూది గుచ్చుకుంది, నోట్లో వేలు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కుట్టడం అయ్యాక కార్డు నా చేతికిచ్చి మధ్యన పెట్టమంది. పెట్టాను. జరిగిందేమిటో సండూరుకు నువ్వే ఫోను చేసి చెప్పు, నేను చెప్పనంది.

ఫోను దగ్గరికి వెళ్ళేముందు దారం వైపు ఇంకోసారి చూశాను. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, ఒకచోట ముడి పెద్దగా కనిపిస్తోంది. పక్కనే నా మీగడరంగు కార్డు, మడత కత్తి అంచులా నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో నా కార్డు ఒక్కటీ తెగలేదు. ఒక్కదాన్నీ ఎవరూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు గుచ్చుకుంటూ కుట్టలేదు. దానికీ కుళ్ళుకున్నాను. కుళ్ళుకుంటూనే సండూరు నంబరు నొక్కాను.